బ్లూ టిక్ పడ్డాక ఊరుకుంటే కుదరదు

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక పుస్తకాల పబ్లికేషన్స్‌లో ఆర్డర్లు చూసే పని నాది. పోటీ పరీక్షల పుస్తకాలు, పంచాంగాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, ఏడాదికి ఒకటో రెండో కథల సంపుటాలు, మేం వేసేవి ఇవి. పెద్ద కంపెనీ ఏం కాదు. కౌంటర్లో నేను, ప్యాకింగ్‌లో బాబాయ్, లెక్కలకు ఒక కుర్రాడు, అందరి మీదా మా పెద్దాయన. బయటివాళ్లు కార్డు రాసి అడిగినా, ఫోన్ చేసి అడిగినా, గూగుల్ రివ్యూలో చుక్కలు (స్టార్లు) తగ్గించి అడిగినా జవాబు చెప్పాల్సింది నేనే. పోస్టుకార్డుల కాలం చివర్లో ఈ సీట్లోకి వచ్చాను కాబట్టి మార్పంతా నా టేబుల్ మీదుగానే నడిచింది. వందల మందితో కాల్ సెంటర్లు నడిపే కంపెనీల సంగతి వాళ్లు చెప్పుకోవాలి. నలుగురున్న కంపెనీ ఇంటర్నెట్‌లోకి వెళ్తే కస్టమర్‌తో మాట ఎలా మారుతుందో మాత్రం నేను చెప్పగలను.

అప్పట్లో ఏటా ఒక ధరల పట్టిక అచ్చేసి రిజిస్టర్లో ఉన్న అడ్రసులన్నిటికీ పంపేవాళ్లం. అది చూసి ఒంగోలు వైపు నుంచో శ్రీకాకుళం నుంచో ఒక కార్డు వచ్చేది. పుస్తకం పేరు, ఎన్ని కాపీలు, వీపీపీలో పంపమని, కింద ఇంటి నంబరు దగ్గర్నుంచి పిన్‌కోడు దాకా పూర్తి చిరునామా. కొందరు ముందే మనియార్డరు పంపి, ఫారం అడుగున ఉండే కూపన్ మీద చీమ తలకాయంత అక్షరాలతో ఆర్డరు రాసేవాళ్లు. వీపీపీ అయితే పోస్ట్‌మ్యాన్ పార్సిల్ ఇచ్చి డబ్బు తీసుకుంటాడు, ఆ డబ్బు మాకు మనియార్డరుగా తిరిగి వస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ అని ఇప్పుడు అందరూ చెప్పుకునేది అదే. అందులో ఉన్న తలనొప్పి కూడా అదే: తీసుకోనన్నారని రాసి వెనక్కి వచ్చే పార్సిళ్లు.

ఆ రోజుల్లో ఒక సుఖం ఉండేది. కార్డుకు జవాబు వెళ్లకపోతే అవతలి మనిషి ముందుగా మమ్మల్ని అనుమానించేవాడు కాదు. కార్డు దార్లో పోయిందేమో, పార్సిల్ ఇంకో ఊరు వెళ్లిందేమో అనుకుని మళ్లీ రాసేవాడు. మా బద్ధకం బరువు మొత్తం తపాలా శాఖ మోసేది. వాట్సాప్‌లో బ్లూ టిక్కులు వచ్చింది 2014 నవంబరులో. ఆ తర్వాత ఆ చాటు పోయింది. మీరు చూశారు, చూసి ఊరుకున్నారు అని అవతలివాళ్లకు టైముతో సహా తెలుస్తుంది. ఇంటర్నెట్ వల్ల కంపెనీల జవాబుల్లో వేగం పెరిగిందని అందరూ అంటారు. నాకైతే అంతకంటే పెద్ద తేడా ఇదే అనిపిస్తుంది. ఇదివరకు జవాబు మాత్రమే కనిపించేది, ఇప్పుడు జవాబు ఇవ్వకపోవడం కూడా కనిపిస్తోంది.

మేం వాట్సాప్‌లోకి వెళ్లింది లాక్‌డౌన్ దెబ్బకి. 2020 మార్చి 25న అంతా మూతపడింది. మాకున్నది 0866తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ ఒక్కటే. మూసిన షాపులో అది మోగి ఊరుకునేది. డీలర్ల దగ్గర పెద్దాయన సెల్ నంబరు ఉండేది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. మామూలు పాఠకుడికే దారి లేకపోయింది. సడలింపులు వచ్చి షట్టర్ ఎత్తగానే కొత్త సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెడదామన్నాడు లెక్కల కుర్రాడు. పెద్దాయన ససేమిరా అన్నారు. "మన నంబరు వేల పుస్తకాల వెనక అట్ట మీద ఉంది. వాటన్నిటినీ వెనక్కి తెప్పించి దిద్దుతావా?" అన్నారు. మాట కటువుగా ఉన్నా అందులో న్యాయం ఉంది. పదేళ్ల కిందట కొన్న పుస్తకం తిరగేసి దాని మీదున్న నంబరుకు ఫోన్ చేసేవాళ్లు మాకు ఇప్పటికీ ఉన్నారు.

ల్యాండ్‌లైన్ నంబరుకే వాట్సాప్ బిజినెస్ పెట్టుకోవచ్చని అప్పుడే తెలిసింది. చాలామంది చిన్న షాపులవాళ్లకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. యాప్‌ను సెల్‌ఫోన్లో వేసుకోవాలి, నంబరు అడిగినప్పుడు ల్యాండ్‌లైన్ నంబరు ఇవ్వాలి. దేశం కోడ్ 91 తర్వాత ముందున్న సున్నా తీసేసి 866 నుంచి కొట్టాలి. ల్యాండ్‌లైన్‌కు ఎస్సెమ్మెస్ రాదు కదా, అది విఫలమయ్యేదాకా ఆగితే ఫోన్ చేసి చెప్పమంటారా అని ఇంకో దారి చూపిస్తుంది. అది నొక్కగానే టేబుల్ మీద ఫోన్ మోగింది. బాబాయ్ రిసీవర్ తీసి, ఆరంకెల కోడ్‌ను ఒక్కొక్క అంకె గట్టిగా అరిచి చెప్తుంటే నేను సెల్లో కొట్టాను. అంతే. ఫోన్లు ఎప్పట్లాగే ల్యాండ్‌లైన్‌కు వస్తాయి, మెసేజీలు సెల్‌కి వస్తాయి. వెంటనే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకోవాలి, లేకపోతే ఆ నంబరు ఇంకెవరి చేతిలోనైనా పడితే కంపెనీ పేరు మీద వాళ్లు మాట్లాడతారు.

అసలు శ్రమ తర్వాత మొదలైంది. మా ధరల పట్టిక మొత్తం డీటీపీలో ఉంది. తెలుగు డీటీపీ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు, పేజ్‌మేకర్‌లో 'అను' అనే పేరున్న ఫాంట్లతో కొట్టిన మేటర్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాల ముక్కలు వస్తాయి. అది యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనపడే అక్షరాల పద్ధతి కాదు. అచ్చుకు ఎంత అందంగా ఉన్నా ఫోన్లో చదవడానికి పనికిరాదు. కన్వర్టర్లతో మార్చి చూస్తే ఒత్తులు, వట్రసుడులు ఎగిరిపోయాయి. చివరికి మొత్తం పట్టికను ఫోన్లోనే మళ్లీ కొట్టాను. కేటలాగులో ఒక్కో పుస్తకానికి ఫొటో కావాలి. లామినేషన్ అట్ట మీద ట్యూబ్‌లైటు గీతగా పడి పేరు కనపడేది కాదు. అట్టల డిజైన్ ఫైళ్లే ఆర్టిస్టును అడిగి తెప్పించుకున్నాక ఆ బాధ తీరింది. యాప్ కేటలాగులో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, మాకు అంత అవసరం పడలేదు.

కేటలాగు పెట్టాం కదా, జనం చూసి ఆర్డరు పెడతారనుకుంటాం. పెట్టరు. "హాయ్" అని పంపి ఆగుతారు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టాక ఇది ఇంకా పెరిగిందని నాకు అనుమానం. అక్కడ హాయ్ కొడితే పట్టిక వస్తుంది, ఇక్కడా అలాగే వస్తుందనుకుంటారు. మనం నమస్కారం చెప్పి ఏం కావాలండీ అంటే "బుక్ ఉందా" అంటారు. ఏ పుస్తకమండీ అంటే వాయిస్ మెసేజ్ వస్తుంది. అందులో బస్సు హారను, పిల్లాడి ఏడుపు, మధ్యలో పుస్తకం పేరు. పాత కార్డులో నాలుగు లైన్లలో ఒకేసారి తెలిసే విషయం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఒక పూటంతా వస్తుంది. అడ్రసు కూడా అంతే. ఒకరు లొకేషన్ పంపుతారు, దాన్ని పార్సిల్ మీద ఎలా అంటించాలి? ఇంకొకరు ఆధార్ కార్డు ఫొటో పంపుతారు. వద్దండీ, అడ్రసు టైప్ చేయండి చాలు అని బతిమాలుకోవాలి. ఆధార్ ఫొటోలు మా ఫోన్లో ఉండటం నాకే భయం, అడ్రసు రాసుకున్న వెంటనే తీసేస్తాను.

డబ్బు సంగతి ఇంకో తంతు. క్యూఆర్ పంపితే స్క్రీన్‌షాట్ వస్తుంది, కింద ఒక్క మాట ఉండదు. ఎవరు, ఏ పుస్తకానికి, పోస్టేజీ కలిపారా లేదా, ఏమీ తెలియదు. పైగా స్క్రీన్‌షాట్‌ను నమ్మకూడదని ఈ వ్యాపారంలో ఉన్న ప్రతివాళ్లకూ ఏదో ఒక రోజు తెలిసొస్తుంది. అందుకే లెక్కల కుర్రాడు ప్రతి చెల్లింపుకూ విడిగా వచ్చే యూటీఆర్ నంబరు పన్నెండంకెలూ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూశాకే బాబాయ్ టేపు వేస్తాడు.

ఈ గందరగోళంలో మమ్మల్ని నిలబెట్టినవి యాప్‌లోని రెండు చిన్న సదుపాయాలు. ఒకటి, క్విక్ రిప్లై. ఒక వాలు గీత (/) కొట్టి షార్ట్‌కట్ రాస్తే ముందే రాసిపెట్టుకున్న జవాబు వచ్చేస్తుంది. ధర, పోస్టేజీ, అడ్రసు ఎలా పంపాలి, షాపు ఎక్కడుంది లాంటివన్నీ అలా పెట్టుకున్నాను. మొదట వాటిని ఆఫీసు నోటీసులా రాశాను, "మీ ఆర్డరు స్వీకరించబడినది" అని. అది పంపితే చాలామంది తిరిగి "ఓకే బాట్" అన్నట్టు బొమ్మలు పెట్టేవాళ్లు, కొందరు మనిషితో మాట్లాడాలి అని అడిగేవాళ్లు. నేను మనిషినేనండీ అని చెప్పుకోవాల్సి వచ్చేది. తర్వాత నోటితో చెప్పినట్టే తిరగరాశాను. పేరు కలిపి, పుస్తకం పేరు కలిపి పంపితే అదే జవాబును ఎవరూ మెషిన్ అనలేదు.

రెండోది లేబుళ్లు. యాప్ ఇచ్చేవి కొత్త కస్టమర్, కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, ఆర్డర్ పూర్తయింది. వీటికి తోడు మేం ఒకటి చేర్చుకున్నాం, దాని పేరు "మాటిచ్చాం". రేపు సాయంత్రం చెప్తాం, సోమవారం పంపుతాం, రచయితను అడిగి చెప్తాం అని ఎవరికి చెప్పినా ఆ చాట్‌కు ఆ రంగు పడుతుంది. కస్టమర్‌కు అది కనపడదు. రోజూ షట్టర్ దించే ముందు ఆ లేబుల్ తెరిచి, మాటిచ్చినవాళ్లకు ఏదో ఒకటి చెప్పి గానీ వెళ్లకూడదని పెద్దాయన రూలు. పని అయిందా లేదా అన్నది తర్వాత. "ఇంకా తేలలేదండీ, ఎల్లుండి చెప్తాం" అన్నా చాలు. మా దగ్గర తగాదాలు తగ్గడానికి ఆ లేబుల్ చేసినంత మేలు ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

బ్లూ టిక్కులు తీసేద్దామా అన్న చర్చ కూడా జరిగింది. సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. అయితే మనది తీసేస్తే అవతలివాళ్లు చదివారో లేదో మనకూ తెలియదు. డబ్బు పంపమని పెట్టిన మెసేజ్ చూశారా లేదా అన్నది మాకు రోజూ కావాలి. కాబట్టి ఉంచేశాం. చదివి వెంటనే జవాబు చెప్పలేని వాటిని మళ్లీ చదవనట్టు మార్క్ చేసుకుంటాను. అది నా గుర్తు కోసమే, అవతల టిక్కులు నీలంగానే ఉంటాయి.

కొత్త పుస్తకం వచ్చినప్పుడు చెప్పడానికి బ్రాడ్‌కాస్ట్ వాడతాం, అంటే ఒకే మెసేజ్‌ను జాబితాలో ఉన్న అందరికీ విడివిడిగా పంపడం. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు, అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. మొదట ఇది ఇబ్బందిగా తోచింది గానీ, ఆలోచిస్తే మంచి ఏర్పాటే. అడగనివాళ్ల ఫోన్లోకి మనం దూరలేం. పాత ధరల పట్టిక వద్దన్నా ఇంటికి వచ్చి పడేది.

గూగుల్లో షాపును పెట్టడం గురించి ఎక్కువ చెప్పను. బోర్డు, వీధి, షట్టర్ తాళం తీయడం, లోపల బీరువాలు అన్నీ ఒకే వీడియోలో చూపించి, షాపు మాదేనని నిరూపించుకున్నాం. బాబాయ్ ఆ తాళం తీస్తూ కెమెరా వైపు చూసి నవ్వాడు. ఇప్పుడు మా గురించి మా వాకిట్లోనే నలుగురూ మాట్లాడుకుంటారు, ఆ మాటలు తుడిచే చీపురు మా చేతిలో లేదు. రూల్స్‌కు విరుద్ధమైతే రిపోర్టు చేయొచ్చు, లేదా కింద జవాబు రాయొచ్చు, అంతే. ఒకాయన పండగ రోజు వస్తే మూసి ఉందని ఒక్క చుక్క ఇచ్చాడు. ఇంకొకాయన బండి పెట్టుకోడానికి చోటు లేదని రెండు చుక్కలిచ్చాడు. ఏలూరు రోడ్డులో పార్కింగు మేమెక్కడ తెచ్చేది? అయినా మర్యాదగానే రాశాను: బండి ఎక్కడ పెడితే నడిచి రావడానికి సులువో, ఏ వేళ రద్దీ తక్కువో. ఆ జవాబు ఆయన చదివాడో లేదో తెలియదు గానీ, అది చదివే దారి కనుక్కున్నామని తర్వాత వచ్చినవాళ్లు కౌంటర్లో చెప్పారు. రివ్యూకు రాసే జవాబు తిట్టినవాడి కోసం కాదు, ఆ తర్వాత చదివేవాళ్ల కోసం అని అప్పటి నుంచి నాకు స్థిరపడిపోయింది. పండగలకు పనివేళలు ముందే మార్చడం కూడా అలవాటైంది.

సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నప్పుడు నవ్వొచ్చే సంగతి ఒకటి జరిగింది. 2020 జూలై 23న వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నెట్లో సరుకు అమ్మేవాళ్లు ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టుకుని, ఆ పేరు, హోదా, ఫోను వివరాలు సైట్లో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మా నలుగురిలో ఆఫీసర్ ఎవరు? బాబాయ్ పేరు పెడదామని కుర్రాడు, వాడి పేరే పెట్టమని బాబాయ్. చివరికి అది నా నెత్తినే పడింది. ఆ రోజు నుంచి టీ తెచ్చే అబ్బాయి కూడా ఆఫీసర్ గారూ అంటున్నాడు. నవ్వులాట పక్కన పెడితే ఆ 48 గంటల రూలు నాకు నచ్చింది. మేం పెట్టుకున్న లేబుల్ చెప్పేదీ అదే: పరిష్కారం తర్వాత, ముందు విన్నామని చెప్పు. పెద్ద కంపెనీల్లో వినేవాళ్లు దొరకనివాళ్లకు 1915 నంబరు ఉంది, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. మా మీద కూడా చేయొచ్చు, ఆ నంబరు మా సైట్లోనే వేశాం. పెద్దాయనకు అది మొదట నచ్చలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచేశాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మా షాపుకు నీళ్లు రాలేదు గానీ, మా బైండింగు వాళ్ల ఇళ్లూ పనిచోటూ సింగ్‌నగర్‌లోనే. కుట్టాల్సిన ఫారాలు (అచ్చయిన పుస్తకం కాగితాలు) కట్టలు కట్టలుగా తడిసి ముద్దయ్యాయి. ఆర్డర్లకు డబ్బు తీసుకుని ఉన్నాం. వాళ్లందరికీ ఏం చెప్పాలి? "అనివార్య కారణాల వల్ల" అని రాయబోతే పెద్దాయన వద్దన్నారు. ఉన్నదున్నట్టు రాశాం: బైండింగు చేసే మనుషులు నీళ్లలో ఉన్నారు, ముందు వాళ్లు బయటికి రావాలి, పుస్తకం ఎప్పుడు వస్తుందో వారం తర్వాతే చెప్పగలం, డబ్బు వెనక్కి కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తాం. తడిసిన ఫారాల ఫొటో కూడా పెట్టాం. డబ్బు అడిగినవాళ్లు చాలా తక్కువ. బైండింగు వాళ్లకు బియ్యం పంపొచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు. అంతకుముందు వారం పార్సిల్ ఆలస్యమైందని నన్ను దులిపేసిన గుంటూరు కుర్రాడు "మీరు జాగ్రత్త మేడమ్" అని పెట్టాడు. అప్పటిదాకా అతనికి నేను "సార్"నే.

పోస్టేజీ గురించి కూడా ఈ మధ్య చాలా జవాబులు చెప్పాల్సి వచ్చింది. పుస్తకాలకు తక్కువ రేటున్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ఈ మధ్యలో ఉన్న నెలల్లో పుస్తకం ధర ఎంతో పోస్టేజీ కూడా దాదాపు అంతే అయిన సందర్భాలున్నాయి. "నిరుడు ఇంత లేదు కదా" అని అడగని మనిషి లేడు. ట్రాకింగ్ నంబరు ఇవ్వడం మొదలుపెట్టాక ఇంకో రకం ప్రశ్నలు: "నిన్నటి నుంచి విజయవాడ ఎన్‌ఎస్‌హెచ్‌లోనే చూపిస్తోంది, ఎందుకు?" అది సార్టింగ్ కేంద్రమండీ, అక్కడ సంచి కట్టి బయల్దేరాక మారుతుంది అని చెప్తాం. పార్సిల్ ఎక్కడుందో మాకంటే ముందు కస్టమర్‌కే తెలుస్తోంది.

అన్నిటికంటే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది 2025 వేసవి. ఏప్రిల్ 20న 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. ఆ రాత్రి నుంచే మెసేజీలు. కొత్త సిలబస్ పుస్తకం ఉందా, ఎప్పుడు వస్తుంది, పీడీఎఫ్ పెట్టండి సార్. పీడీఎఫ్ ఇవ్వలేం అంటే "టెలిగ్రామ్‌లో ఆల్రెడీ ఉంది మేడమ్" అని మాకే చెప్పిన మహానుభావులున్నారు. పనివేళలు పదింటి నుంచి ఎనిమిదింటి దాకా అని ఆటోమేటిక్ మెసేజ్ వెళ్తూనే ఉంటుంది, అయినా రాత్రి రెండింటికి చదువుకునేవాడికి సందేహం రెండింటికే వస్తుంది కదా.

ఆ మెసేజీల్లో ఒకటి వేరేగా ఉంది. మా ప్రాక్టీస్ బిట్ల పుస్తకంలో ఒక పేజీ ఫొటో, కీలో ఒక జవాబు చుట్టూ ఎర్ర సున్నా, కింద "ఇది తప్పు. మీ బుక్ నమ్ముకుని చదువుతున్నాం." పాత రోజుల్లో ఇలాంటి ఉత్తరం వస్తే ఫైల్లో పెట్టేవాళ్లం. కొత్త ఎడిషన్ వేసేటప్పుడు ఫైలు తీసి, దిద్ది, మరీ ఎక్కువుంటే తప్పొప్పుల పట్టిక ఒక చీటీ మీద అచ్చేసి లోపల పెట్టేవాళ్లం. ఈలోపు ఆ పుస్తకం చదివి పరీక్ష రాసేసినవాళ్ల గతి అంతే. ఇప్పుడు ఆ ఫొటో మాకు వచ్చిన గంటలోపే అభ్యర్థుల టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉంది. పరీక్షలు జూన్‌లోనే. కొత్త ఎడిషన్ దాకా ఆగే సమస్యే లేదు.

"చూశామండీ. రచయితను అడుగుతున్నాం, రేపు సాయంత్రం ఆరింటికి చెప్తాం" అని పంపి లేబుల్ వేశాను. రచయిత ఒక రిటైర్డ్ టీచరు గారు. ఫోన్ చేస్తే ముందు కోపం వచ్చింది. తర్వాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. కీలో అంకె మారిందని ఒప్పుకున్నారు. ఆ వేడిలోనే ఇంకో నాలుగు ఫొటోలు వచ్చాయి. వాటిలో రెండు నిజమైన తప్పులే. ఒకటి పాత పాఠ్యపుస్తకానికి, కొత్తదానికి ఉన్న తేడా. ఇంకోదాంట్లో అభ్యర్థే పొరబడ్డాడు. ఇక్కడే చిక్కు. తప్పు మాదైతే ఒప్పుకోవడం సులువు. మాది కానప్పుడు అవతలి మనిషిని చిన్నబుచ్చకుండా చెప్పడం కష్టం. టీచరు గారు నోట్‌బుక్‌లో లెక్క వేసి, అడుగడుగునా కారణం రాసి ఫొటో తీసి పంపారు. దాన్ని అలాగే పొరబడ్డ ఆ అభ్యర్థికి పంపాం. అతను ఆ పేజీని గ్రూపులో పెట్టాడట. మరునాటి నుంచి టీచరు గారి నోట్‌బుక్ పేజీలు ఇంకా కావాలని మెసేజీలు మొదలయ్యాయి.

తప్పొప్పుల పట్టికను బొమ్మగా చేసి కేటలాగులో ఒక వస్తువులా పెట్టాం, ధర సున్నా. బ్రాడ్‌కాస్ట్‌లో పంపాం, వెబ్‌సైట్లో పైన కనపడేలా వేశాం. డీలరు ఒకాయన ఫోన్ చేసి, మీ తప్పులు మీరే చాటింపు వేసుకుంటే కొనేవాడు ఎవడండీ అని మందలించాడు. ఆయన భయం అర్థమైంది. కానీ ఆ ఫొటో అప్పటికే ఊరంతా తిరుగుతోంది. దాని పక్కన మా జవాబు ఉందా లేదా అన్నదొక్కటే మా చేతిలో ఉంది. ఆ సీజన్‌లో ఆ పుస్తకం అమ్మకం తగ్గలేదు. పెరిగిందని చెప్పను, అది నోటిఫికేషన్ మహిమ కూడా కావచ్చు.

ఈ హడావుడి చూసి ఒక చాట్‌బాట్, అంటే మనిషి లేకుండా తనే జవాబులిచ్చే ప్రోగ్రాం, అమ్మే అతను వచ్చాడు. అది మేం వాడే యాప్‌లోది కాదు, వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫారం మీద నడిచేది. దాని పద్ధతి వేరు. కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటల్లోపు అయితే ఏదైనా రాయొచ్చు. ఆ గడువు దాటితే వాట్సాప్ దగ్గర ముందే ఆమోదం పొందిన మెసేజ్ నమూనాలే (టెంప్లేట్లు) పంపాలి, వాటికి డబ్బు కట్టాలి. 2025 జూలై 1 నుంచి ఆ లెక్క మెసేజీకి ఇంత అని మారింది. అంటే ఊరుకున్నందుకు జరిమానా అన్నమాట, నాకు ఆ ఏర్పాటు చూసి ముచ్చటేసింది. డెమోలో నన్ను ఏదైనా అడగమన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కలిపి, మా కస్టమర్లు రాసినట్టే రాశాను: పంచాంగం వచ్చిందా, రాకపోతే నిరుడుది అయినా పర్లేదు, మా అమ్మమ్మకు తిథులు చూసుకోడానికి. "ఆర్డర్ కోసం 1 నొక్కండి" అంది. నిరుడు పంచాంగంతో ఈ ఏడు తిథులు ఎలా చూస్తారమ్మా అని బాబాయ్ అడిగాడు. మనిషి అడగాల్సిన ప్రశ్న అదే. నేర్పిస్తే నేర్చుకుంటుంది మేడమ్ అన్నాడతను. నేర్చుకోవచ్చు. రాత్రి కాపలాకు పెట్టండి, పగలు మనం ఉన్నాం కదా అన్నారు పెద్దాయన. ఈ పంచాంగాల సీజన్ అయ్యాక చూద్దామని వాయిదా వేశాం.

బాట్ కంటే చవగ్గా మా పని తేలిక చేసింది ఒక క్యూఆర్. వాట్సాప్ లింకులో ముందే మాటలు రాసి పెట్టొచ్చు, స్కాన్ చేస్తే చాట్ తెరుచుకుని ఆ మాటలు టైప్ చేసి ఉంటాయి. కొత్త ఎడిషన్లన్నిటిలో చివరి పేజీలో ఆ పుస్తకానిదే వేరే క్యూఆర్ వేస్తున్నాం. స్కాన్ చేస్తే పుస్తకం పేరు, ఎడిషన్ ఏడాది, "పేజీ నంబరు:" అని వస్తుంది. అక్కడి నుంచి పాఠకుడు రాసుకోవాలి. "బుక్ ఉందా" దగ్గర మొదలయ్యే అరపూట సంభాషణ దానితో ఒక్క మెసేజ్‌కు దిగింది.

దీంతో ఒక కొత్త రకం కస్టమర్ తయారయ్యాడు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర మా పుస్తకాన్ని సగం ధరకు కొని, చివరి పేజీ స్కాన్ చేసి, తప్పొప్పుల పట్టిక పంపమని అడుగుతాడు. వాళ్ల వల్ల మనకు ఒక్క రూపాయి రాదు, వాళ్లకెందుకు టైము అంటాడు లెక్కల కుర్రాడు. మొదటిసారి అమ్మినప్పుడు డబ్బు తీసుకున్నాం కదరా అంటారు పెద్దాయన. ఆ వాదన ఇంకా తెగలేదు. పట్టిక మాత్రం పంపుతున్నాను, వాటికి ఒక లేబుల్ కూడా పెట్టాను, "పాత కాపీ" అని.